దూరసంగీత బోధన చరిత్ర: టార్టీని లేఖ మొదలు ట్రియెస్టె యంత్రము వరకు

2020 మార్చి మాసమున విశ్వవిద్యాలయముల తలుపులు మూతపడినప్పుడు సాహిత్యశాఖలవారికంటె సంగీతశాఖలవారికి కలిగిన చిక్కు పెద్దది. పద్యమును తెరమీదుగా చదివి చెప్పవచ్చును. ప్రతిపదార్థమును వ్రాసి పంపవచ్చును. కాని వీణపై ఎడమచేతి వ్రేలు తంత్రిని ఎంత లాగవలెనో, గాయకుడు ఏ అక్షరముమీద ఊపిరి తీసికొనవలెనో ఎదుటలేని శిష్యునకు చెప్పుటెట్లు? ఆనాటినుండి ఈ విషయమునుగూర్చి వెలువడిన వ్రాతలు రెండు తెగలుగా నున్నవి. కొందరు దీనిని అపూర్వమైన విప్లవమనిరి. కొందరు గురుకుల సంప్రదాయమునకు కలిగిన ఉపద్రవమనిరి. ఈ రెండు అభిప్రాయములకును మూలమొక్కటే. గురువు లేనిచోట గానవాదనములను నేర్పుట నిన్నమొన్నటి వింత యను భ్రాంతియే ఆ మూలము. చరిత్రను చూచినచో ఈ ప్రయత్నము రెండున్నర శతాబ్దములకు పైబడినదని తెలియును. ప్రతి తరమునను ఒక సాధనము పుట్టినది. అది కళలో ఒక భాగమును మోసికొనిపోయినది, మరియొక భాగమును దారిలో విడిచిపెట్టినది. ఏది పోయినది, ఏది నిలిచినది అని విచారించుటయే ఈ వ్యాసమున నా పని.

తెలుగుశాఖలోనివాడు ఈ విషయమును చేపట్టుట కొందరికి అధికప్రసంగముగా తోచవచ్చును. క్షేత్రయ్య పదములను, త్యాగరాజు కృతులను గ్రంథములలో చదివి పాఠము చెప్పువారము మేము. పాడబడని పదమునకు అర్థము చెప్పుటలోని లోటు మాకు ప్రతిదిన మనుభవమే. ఆ లోటే నన్నీ విచారణకు పురికొల్పినది.

మొదట ఒక మాటను తేల్చుకొనవలెను. ఇంగ్లీషువారి 'వర్చువల్' అను శబ్దమును కొందరు 'మిథ్యా' యని తెనిగించుచున్నారు. సంగీతబోధనకు ఇది చెల్లదు. మిథ్య యనగా లేనిది. ఇచట ధ్వని యున్నది, గురువున్నాడు, శిష్యుడున్నాడు. వారి నడుమనున్న ఎడమొక్కటే మరుగుపరుపబడినది. కావున నేను 'పరోక్షబోధన' యను మాటను వాడుదును. కేవలము యంత్రముచే కల్పింపబడిన సభలకును, ప్రతిధ్వనులకును 'కల్పిత'శబ్దమును ప్రత్యేకించెదను.

ఐరోపాలో పరోక్షబోధనకు నాకు తెలిసినంతలో మిక్కిలి ప్రసిద్ధమైన నిదర్శనము ఒక ఉత్తరము. జూసెప్పె టార్టీని (1692-1770) ఇటలీలోని పాదువా నగరమున వయొలిన్ పాఠశాల నడపిన మహావాదకుడు. వెనీసులో మెండికాంతి యను అనాథశరణాలయమున సంగీతము నేర్చుకొనుచున్న మద్దలేనా లొంబార్దీని యను బాలికకు ఆయన 1760 మార్చి 5వ తేదీన పాదువానుండి ఒక లేఖ వ్రాసెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లు. లేఖలో కుశలప్రశ్నలు స్వల్పము, మిగిలినదంతయు పాఠమే. కమాను తంత్రిని తాకునప్పుడు ఊపిరివలె మృదువుగా మొదలిడి, క్రమముగా నాదమును పెంచి, మరల తగ్గింపవలెననియు, దీనిని వేలు మోపని తంత్రిమీద సాధన చేయవలెననియు, దినమునకు ఒక గంటయైన దీనికి కేటాయింపవలెననియు ఆయన చెప్పెను. తరువాత మణికట్టు తేలికపడుటకు కొరెల్లి రచనలలోని వేగవంతములైన భాగములను కమాను కొనతో, పిదప నడిమి భాగముతో వాయింపుమనెను. ఒకే స్వరముపై కంపమును మొదట విలంబముగా, తరువాత మధ్యమముగా, తుదకు ద్రుతముగా అభ్యసింపుమనెను. ఈ లేఖ టార్టీని మరణించిన యేడే అచ్చయినది. చార్లెస్ బర్నీ దాని నింగ్లీషులోనికి పరివర్తించెను. నేటికిని వయొలిన్ విద్యార్థులు దానిని చదువుచున్నారు.

ఈ లేఖ ఎందుకు ఫలించెను? మద్దలేనా తరువాత పారిస్, లండన్ నగరములలో కచేరీలు చేసి, స్వయముగా కృతులు రచించి కీర్తి గాంచినది. కాని దానికి కారణ మీ యుత్తరమొక్కటే యనుట చరిత్రకు విరుద్ధము. ఆమె శరణాలయాధికారుల అనుమతితో పాదువాకు వెళ్లి గురుసన్నిధిని కూడ నేర్చుకొనినది. నా అభిప్రాయమున లేఖయొక్క విజయము మరియొక చోట నున్నది. టార్టీని ఉత్తరమున రాగభావమును నేర్పబూనలేదు, శైలిని నేర్పబూనలేదు. శిష్యురాలు ఒంటరిగా నుండి, తన చెవినే సాక్షిగా పెట్టుకొని చేయగల సాధనను మాత్రమే ఏరి చెప్పెను. నాదము పెరిగినదో లేదో ఆమెకే వినబడును. తప్పు దిద్దుటకు గురువు చెవి అక్కరలేని అంశములను ఆయన గుర్తించి, వానికే లేఖను వాహనము చేసెను. సాధనముయొక్క హద్దు నెరిగి పాఠమును కూర్చుట ఆయన ఘనత. 2020లో మనలో పలువురు చేయనిది సరిగా ఇదియే.

మన దేశమున దీనికి సాటిరాదగినది 1904లో ఎట్టయాపురమున అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. సుబ్బరామ దీక్షితులు (1839-1906) రచించిన ఈ మహాగ్రంథము ఇంచుమించు 1,700 పుటలది. తమిళదేశమున, తమిళ సంస్థానాధీశుని పోషణమున, ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడు కూర్చిన ఈ గ్రంథము తెలుగు లిపిలో, తెలుగు వివరణములతో వెలువడుట మనము గర్వింపదగిన విషయమే. అయినను మన శాఖలలో దానిని తెరచి చూచినవారు తక్కువ. దానికి ప్రేరకుడు చిన్నస్వామి మొదలియారు. ఆయన మన సంగీతమును పాశ్చాత్యుల స్వరలేఖనపద్ధతిలో నిలుపవలెనని శ్రమించినవాడు. ఆయన పట్టుదలయే దీక్షితులవారిని వ్రాతకు పూనునట్లు చేసినది.

స్వరములను స-రి-గ-మ లని వ్రాసిపెట్టుట అంతకుముందును కలదు. దీక్షితులవారి క్రొత్తదనము గమకములకు గుర్తులు పెట్టుటలో నున్నది. కంపితము, స్ఫురితము, ప్రత్యాహతము, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఒదుక్కు, ఒరిక అని వానిని వేరుపరచి, ఒక్కొక్కదానికి అక్షరముపై ఒక చిహ్నము నేర్పరచిరి. అచ్చుకూటమున ఈ చిహ్నములకు తగిన అచ్చులు పోయించి కూర్చుట ఎంతటి శ్రమయో ఊహింపవచ్చును. గురువు కంఠమునుండి మాత్రమే అందుకొనవలసినదానిని కాగితముపై పంపుటకు మన సంగీతమున జరిగిన అతిసాహసమిది. కాని ఫలితము చూడుడు. ఆ గుర్తులను చదివి పాడగలవాడు ఆ గమకములను ముందే వినియున్నవాడే. వళి యనగా నేమో ఎన్నడును విననివానికి ఆ వంకరగీత మౌనముగానే యుండును. గ్రంథము జ్ఞాపకమునకు ఊతకోలయైనది గాని, చెవికి ప్రతినిధి కాలేకపోయినది. ఇది గ్రంథకర్త దోషము కాదు. కాగితము పాడలేదు.

పాడు సాధనము ఆ కాలముననే వచ్చినది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాటను గ్రామఫోను పలకపై ఎక్కించిరి. పలకయొక్క ఒక ముఖము మూడు నిమిషములు మాత్రమే పలుకును గనుక విస్తారమైన రాగాలాపనము కుదించుకొనవలసివచ్చెను. అయినను ఒక్క మేలు జరిగినది. ఒకే సంగతిని నూరుమార్లు వినిపించుటకు విసుగుచెందని గురువు దొరికెను. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిదప ఓలేటి వెంకటేశ్వర్లుగారివంటి విద్వాంసులు అక్కడ నడిపిన సంగీత శిక్షణ కార్యక్రమములు, ఇంటింటను పలువురు వ్రాసుకొని నేర్చుకొనిన 'ఈ మాసపు పాట' ఈ వరుసలోనివే. ఊరిలో సంగీతము మాస్టారు లేని ఎందరో గృహిణులకు, బాలికలకు ఆ పెట్టెయే గురుపీఠమైనది. ఇట్టిచోట ఏకలవ్యుని ఉదాహరించుట మన వక్తలకు పరిపాటి. ఆ ఉపమానము వారనుకొనినదానికంటె లోతైనది. ద్రోణుని బొమ్మ ఏమియు చూడలేదు, ఏమియు దిద్దలేదు. ఉత్తరము, స్వరలిపి, పలక, రేడియో ఈ నాలుగును అట్టి బొమ్మలే. ఇవి చెప్పగలవు గాని వినలేవు.

గురువు చెవి తిరిగి రంగమునకు వచ్చినది 1990ల తరువాతనే. 1996లో న్యూయార్కులోని మన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ వారు ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు పింకస్ జూకర్మన్ ప్రోత్సాహమున వీడియో సమావేశము ద్వారా పాఠములు చెప్పు పద్ధతిని ప్రవేశపెట్టిరి. నిరంతరము దేశాటనము చేయు గురువు ఏ నగరమునందుండియైనను తన శిష్యుల వాద్యమును విని దిద్దుటకు ఇది ఏర్పడినది. 1999 సెప్టెంబరులో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారు మాంట్రియల్‌లో వాయించుచున్న జాజ్ బృందపు వాద్యమును పలు ధ్వనిమార్గములతో న్యూయార్కులోని సభకు ఇంటర్నెట్టుపై అప్పటికప్పుడు పంపి వినిపించిరి. ఈ రెండు ప్రయత్నములును విశ్వవిద్యాలయముల, సంగీత కళాశాలల ఆవరణములలో జరిగినవని గమనింపవలెను. వ్యాపారసంస్థల సమావేశ యంత్రములు మాటలకొరకు పుట్టినవి. సంగీతమునకు తగిన మార్గమును వెదకినవారు ఆచార్యులే.

ఇచట చరిత్ర కొంత సేపు భౌతికశాస్త్రమునకు దారి ఇయ్యవలెను. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా ఎనిమిదిన్నర మీటర్ల దూరమున కూర్చున్న మృదంగము గాయకుని చేరుటకు 25 మిల్లీసెకనులు పట్టును. అంతవరకు కలిసి పాడుట కష్టము కాదు. దానిని మించినకొలది తాళము ఈడ్చుకొనిపోవును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున క్రిస్ చేఫ్ మొదలగువారు 2004లో ప్రకటించిన పరిశోధనము ఈ విషయమున మిక్కిలి రుచికరమైనది. ఇద్దరిని వేర్వేరు గదులలో నుంచి, ఒకరి చప్పట్లు మరియొకరికి కావలెనని ఆలస్యముగా వినిపించి లయను పరీక్షించిరి. ఆలస్యము సుమారు 11.5 మిల్లీసెకనులకు మించినచో లయ జారినది. అంతకు తక్కువైనచో ఆశ్చర్యకరముగా పరుగెత్తినది. ఏమాత్రము ఎడము లేకుండుటయు మానవునకు సహజము కాదన్నమాట!

సామాన్యమైన వీడియో సమావేశమున ఆలస్యము తరచుగా నూరు మిల్లీసెకనులకు మించియే యుండును. అయినను కర్ణాటక సంగీతపు పాఠములు దానిమీదుగా కొంత సాగుటకు కారణము మన బోధనపద్ధతిలోనే కలదు. వేదపాఠమునందువలె మన సంగీతపాఠమునను సంత చెప్పుట ప్రధానము. గురువు ఒక సంగతి పాడును. ఆగును. శిష్యుడు దానిని మరల పాడును. ఇద్దరును వంతులవారిగా పాడునప్పుడు నడుమనున్న ఆలస్యము బాధింపదు. పాశ్చాత్యులు తీగవాద్య చతుష్టయమును పరోక్షముగా నేర్పలేక తల్లడిల్లుచుండగా, మన గురువులు సరళీస్వరములను సముద్రముల కావలకు నిరాటంకముగా పంపగలిగిరి. కాలిఫోర్నియా మొదలగుచోట్ల నున్న తెలుగు కుటుంబముల పిల్లలు స్వదేశములోని గురువులవద్ద తెరమీదుగా నేర్చుకొనుట 2020కి చాల ముందే అలవాటైనది. మిల్పీటాస్‌లోని సిలికానాంధ్ర విశ్వవిద్యాలయము కర్ణాటక సంగీతమును ఉన్నతవిద్యా పాఠ్యక్రమముగా నేర్పరచుట ఈ నేపథ్యముననే అర్థమగును.

అయితే సంత యొక్కటే పాఠము కాదు. శిష్యునితో గొంతు కలిపి పాడుట, అతని తాళము తప్పుచున్నప్పుడు తొడపై మెల్లగా చరచుట, పల్లవి పాడించి వయొలిన్ వాదకుని దానికి బదులిమ్మనుట, తనియావర్తనము వేళ లయను నిలబెట్టుకొనుట ఇవియన్నియు ఏకకాలమున జరుగవలసినవి. ఇవి లేక ఉన్నతవిద్యయందు గానశిక్షణ లేదు. హైదరాబాదునకు కాలిఫోర్నియా 13,000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనునకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు పోవును గనుక, యంత్రములన్నియు నిర్దుష్టములైనను ఒక దిక్కునకే 65 మిల్లీసెకనులు తప్పవు. ఈ ఎడమును ఏ ధనవంతుడును కొనలేడు, ఏ శాస్త్రజ్ఞుడును తీర్చలేడు.

దగ్గరిచోట్లమాట వేరు. దీనిని నిరూపించినది ఇటలీలోని ట్రియెస్టె నగరపు సంగీత కళాశాల. ఆ కళాశాల పేరు జూసెప్పె టార్టీని కళాశాల! టార్టీని పుట్టిన పిరానో పట్టణము ఆ సముద్రతీరముననే, నేటి స్లొవేనియాలో నున్నది. ఉత్తరముతో వయొలిన్ నేర్పినవాని పేరిట వెలసిన కళాశాలయందే 2005లో, దూరముగా నున్న వాదకులు నిజముగా కలిసి వాయించుటకు ఒక సాధనము కావలెనను ఆలోచన పుట్టుట యాదృచ్ఛికమే. కాని చరిత్రకారుడు ఇట్టి యాదృచ్ఛికములకు సంతోషింపక యుండలేడు. కళాశాలాధ్యక్షుడు మాసిమో పారోవెల్ ప్రేరణమున, ఇటలీ విద్యాసంస్థల అంతర్జాలమైన గార్ సహకారమున 'లోలా' యను యంత్రాంగము సిద్ధమైనది. 2010 నవంబరులో ట్రియెస్టెకును, పారిస్‌లోని ఇర్కాం సంస్థకును నడుమ దానిని బహిరంగముగా ప్రదర్శించిరి. ఆ రెండు నగరముల నడుమ సరళరేఖలో 900 కిలోమీటర్లకు పైగా దూరము కలదు.

లోలాలోని కిటుకు చాల సరళమైనది. ఆలస్యములో పెద్దపాలు దారిలో కాక దారికి రెండు కొసలయందును పుట్టును. సమావేశ యంత్రములు చిత్రమును, ధ్వనిని కుదించి మూటగట్టును. దారిలో తొట్రుపాటు వచ్చునేమో యని కొంత సరకును ముందుగా నిలువచేసికొనును. అవతల మరల మూట విప్పును. లోలా ఈ కుదింపును, నిలువను ఇంచుమించుగా మాని, వేగవంతమైన కెమెరాలతో, విద్యాసంస్థలకు ప్రత్యేకించిన విశాలమైన మార్గముమీద ధ్వనిని ఉన్నదున్నట్లు తరలించును. చిత్రముయొక్క అందముకంటె కాలము ముఖ్యమని నిర్ణయించుకొనుటలోనే దాని విజయమున్నది. స్టాన్‌ఫర్డ్‌లో చేఫ్ బృందము చేసిన జాక్‌ట్రిప్ అను యంత్రాంగము ధ్వనిమాత్రమునకు ఇదే సూత్రము నవలంబించినది. 2020 తరువాత అది సామాన్యుల యిండ్లకు కూడ చేరినది.

కల్పిత సభల సంగతి మరియొక శాఖ. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ వారు తెరవెనుకటి నిరీక్షణము, దీపములు, తెరపై శ్రోతలు, నిర్ణేతలు గల ఒక కల్పిత రంగమును నిర్మించి, 11 మంది వయొలిన్ విద్యార్థులను దానియందు వాయింపజేసిరి. 2014లో ప్రకటింపబడిన ఆ పరిశోధనమునుబట్టి, కల్పిత నిర్ణేతల యెదుట విద్యార్థులు పడిన ఆందోళనము నిజమైన పరీక్షలో పడినదానికి తీసిపోలేదు. నిర్ణేతలు బొమ్మలని తెలిసియు వారి గుండెలు దడదడలాడెను. సభాకంపమును పోగొట్టుటకు మన గురువులు శ్రీరామనవమి పందిళ్లలో శిష్యులచేత పాడించిన పద్ధతికి ఇది యంత్రరూపము. పందిరియే మేలని నా పక్షపాతము. కాని కోరినప్పుడెల్ల పందిరి దొరకదు.

ఇంతకంటె నన్నాకర్షించినది స్టాన్‌ఫర్డ్‌వారి అయసోఫియా ప్రయత్నము. ఇస్తాంబూలులోని ఆ ప్రాచీనమందిరమున బుడగలను పగులగొట్టి ఆ చప్పుడు చెదరుట నమోదుచేసి, దానినిబట్టి మందిరపు ప్రతిధ్వనిని గణించి, అమెరికాలోని గాయకులకు ఆ ప్రతిధ్వనినే వినిపించుచు ప్రాచీన బైజాంతీయ గానమును పాడించిరి. ఆ మందిరమున స్వరము పది సెకనులకు పైగా నిలుచునట. గాయకులు తమకు తామే నడక తగ్గించి పాడవలసివచ్చెను. అనగా గోడలు సంగీతమును నేర్పినవి. మన రంగమంటపములకు, కళ్యాణమంటపములకు ఇట్టి పరీక్ష జరిపినచో అన్నమయ్య సంకీర్తనములు ఏ ప్రతిధ్వనిలో వినబడెనో కొంత తెలిసికొనవచ్చును. పరిశోధకవిద్యార్థులు దీనిని గమనింతురుగాక.

2020-21లోని నా స్వానుభవమొకటి. పదసాహిత్యపు తరగతిలో ఒక విద్యార్థినిని క్షేత్రయ్య పదము పాడుమంటిని. ఆమె పల్లెలోని యింటినుండి, ప్రక్కన తంబురా శ్రుతి పెట్టుకొని పాడినది. మాకు పాట తెగితెగి వినబడినదే గాని తంబురా మాత్రము ఒక్క క్షణమైన వినబడలేదు. తరువాత తెలిసినది. మేము వాడిన సమావేశ యంత్రము ఎడతెగని స్థిరధ్వనిని పంకా చప్పుడువంటి రొదగా భావించి తుడిచివేయునట! దీర్ఘముగా నిలిపిన షడ్జమును గూడ అది నడుమ నడుమ మ్రింగినది. అమరికలలో ఒక మీట మార్చినచో ఈ దోషము తగ్గునని ఎవరో చెప్పువరకు మూడు వారములు గడచినవి. ఆ మూడు వారములు ఆ బాలిక శ్రుతి తప్పి పాడుచున్నదని నేను తలచితిని. ఒకసారి మందలించితిని గూడ. దానికి నేనిప్పటికిని చింతించుచున్నాను.

హైదరాబాదునకును విజయనగరమునకును సరళరేఖలో 500 కిలోమీటర్లకు కొంచెము పైన. కాంతికిది మూడు మిల్లీసెకనుల లోపలి మాట. తీగ వంకరలు తిరిగి దారి రెట్టింపైనను ఆరు మిల్లీసెకనులు దాటదు. విజయనగరమున 1919లో స్థాపింపబడి ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అధ్యక్షులుగా వెలసిన సంగీత కళాశాల కలదు. మన విశ్వవిద్యాలయములను కలుపు జాతీయ విజ్ఞానజాలము 2010లోనే ఆరంభమైనది. అమెరికాకు పాఠము చెప్పుటకు మనము పడుచున్న శ్రమలో నాలుగవవంతు ఈ సమీపదూరములపై పెట్టినచో ఒక ఊరి మృదంగముతో మరియొక ఊరి విద్యార్థి తాళము తప్పక పాడగలడు. ప్రకృతి దీనిని నిషేధింపలేదు. మనమే యత్నింపలేదు.

మరి పరీక్షలమాట. మహమ్మారి కాలమున పలుచోట్ల గానపరీక్షకు విద్యార్థులు తమ పాటను చిత్రించి పంపిరి. అట్టి పాటను ఎన్నిమార్లు పాడి, అందులో ఏది ఏరి పంపిరో పరీక్షకునకు తెలియదు. అది దోషమని త్రోసివేయుటకంటె, ఆ పరీక్ష దేనిని కొలుచునో స్పష్టముగా వ్రాసికొనుట మేలు. ఏరి పంపిన పాట విద్యార్థి వివేచనను, చెవిని కొలుచును. సభలో ఒక్కమారు పాడిన పాట అతని ధైర్యమును, లయను, ప్రక్కవాద్యముతోడి పొత్తును కొలుచును. మా పాఠ్యప్రణాళికా సంఘమున ఈ రెండింటికిని వేరువేరు మార్కులుండవలెనని నేను ప్రతిపాదించితిని. ఆ ప్రతిపాదన తరువాతి సమావేశమునకు వాయిదా పడినది.